ఆస్తమా శిక్షణ: ఖర్చా, ఆదానా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో ఒక ఛాతీ వైద్యుల క్లినిక్‌లో ఆస్తమా ఉన్నవాళ్లకు ఇన్‌హేలర్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పే పని నాది. పలాస, టెక్కలి నుంచి వచ్చినా, రాజాం, చీపురుపల్లి వైపు నుంచి వచ్చినా అడిగే ప్రశ్నలు చాలావరకు డబ్బు చుట్టూనే తిరుగుతాయి. మందులకి డబ్బిచ్చాం, మళ్లీ ఈ క్లాసెందుకు, దీనివల్ల మాకు మిగిలేదేంటి అని. ఆసుపత్రులు నడిపేవాళ్లు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు కూడా అదే అడుగుతారు, కాస్త పెద్దమాటల్లో. రోజూ అవే అనుమానాలు వస్తున్నాయి కాబట్టి దశలవారీగా రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. మందు ఏది, ఎంత అన్నది మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

## జబ్బు పేరు తెలిసిన కొత్తలో

మందులకే డబ్బులు చాలట్లేదు. మళ్లీ ఈ శిక్షణ ఏటి? దానికి విడిగా కట్టాలా?

శిక్షణ అంటే పెద్ద కోర్సేమీ కాదు. ఊపిరి గొట్టాల్లో ఏం జరుగుతోంది, రోజూ వాడాల్సిన మందు ఏది, ఆయాసం వచ్చినప్పుడు వాడేది ఏది, ఇన్‌హేలర్‌ని సరిగ్గా ఎలా పీల్చాలి, జబ్బు ముదురుతున్నట్టు అనిపిస్తే వరుసగా ఏం చెయ్యాలి. ఇవి నేర్పి, చివరి దాన్ని ప్లాన్‌గా కాగితం మీద రాసిచ్చేదే శిక్షణ. మొదటిసారి అరగంట పడుతుంది, తర్వాత వచ్చినప్పుడల్లా పది నిమిషాలు. సాధారణంగా కన్సల్టేషన్‌లోనే ఇది కలిసి ఉంటుంది. ఎవరైనా విడిగా ఫీజు అడిగితే ఒక్కటే చూసుకోండి: ఇన్‌హేలర్ మీ చేతికిచ్చి మీ చేత పీల్పించి తప్పులు దిద్దుతున్నారా, లేక వాళ్లు మాట్లాడుతుంటే మీరు వింటున్నారా? రెండోదైతే డబ్బు కట్టక్కర్లేదు.

ఆయాసం వచ్చినప్పుడే మందు వాడితే ఖర్చు తగ్గుతుంది కదా?

మా దగ్గర ఎక్కువ డబ్బు పోగొట్టే అపోహ ఇదే. ఆస్తమాలో ఊపిరి గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కొంత వాచే ఉంటుంది, పిల్లికూతలు వినపడని రోజుల్లో కూడా. అందరూ ఆస్తాలిన్ అని పిలిచే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ బిగుసుకున్న గొట్టాల్ని నాలుగు నుంచి ఆరు గంటల పాటు వదులు చేస్తుంది. వాపు జోలికి పోదు. వాపును తగ్గించేది బ్యుడెసొనైడ్ లాంటి పీల్చే స్టెరాయిడ్. ఒక్క సాల్బుటమాల్‌తోనే నెట్టుకు రావద్దని గినా అనే అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు 2019 నుంచి స్పష్టంగా చెబుతున్నాయి. ఏడాదికి మూడు, అంతకు మించి సాల్బుటమాల్ డబ్బాలు ఖాళీ అవుతుంటే జబ్బు విరుచుకుపడే ప్రమాదం ఎక్కువని గుర్తు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఒక లెక్క వేద్దాం. అంకెలు ఊహించినవే, మీ రసీదులు పెట్టుకుని మీరే మార్చుకోండి. పలాస జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే ఒకావిడకి రోజూ వాడే ఇన్‌హేలర్ నెలకు 400 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 4,800. అది ఎక్కువనిపించి మానేసింది. ఆయాసం వచ్చినప్పుడల్లా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది, నెబ్యులైజర్ (మందుని ఆవిరిలా పీల్పించే మిషన్) పెట్టించుకుంటే ఒక్కోసారికి 300, నెలకు రెండుసార్లు. ఏడాదికి 7,200. ఆ రోజుల్లో పని ఉండదు కాబట్టి రోజుకు 350 చొప్పున పోయిన కూలి 8,400. మొత్తం 15,600. ఒక్కసారి కూడా ఆసుపత్రిలో చేరకుండానే ఇంతయింది. మందుల షాపులో ఇచ్చిన 400 కంటికి కనిపిస్తుంది, రాకుండా పోయిన కూలి కనిపించదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇన్‌హేలర్ అలవాటైపోతే జీవితాంతం కొంటూనే ఉండాలంటగా?

అలవాటు పడటమంటూ ఏమీ లేదు. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి మోతాదు మైక్రోగ్రాముల్లోనే సరిపోతుంది. మూడు నెలల పాటు జబ్బు అదుపులో ఉంటే డాక్టర్లు మోతాదు తగ్గించి చూస్తారు. అంటే సరిగ్గా వాడేవాళ్లకే ఖర్చు తగ్గే అవకాశం. వాడీ వాడకుండా ఉండేవాళ్లకి మోతాదు పెరుగుతూ పోతుంది.

మృగశిర కార్తెకి హైదరాబాద్ వెళ్లి చేప మందు వేయించుకుంటే ఫ్రీయే కదా?

మందు ఫ్రీయే. కానీ ఆమదాలవలసలో రైలెక్కి ఇద్దరు మనుషులు హైదరాబాద్ వెళ్లి రావాలి. చార్జీలు, తిండి, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో క్యూ, పోయిన కూలి అన్నీ కలిపితే కొన్ని నెలల ఇన్‌హేలర్ డబ్బులు అవుతాయి. అది ఆస్తమాను తగ్గిస్తుందని పోల్చి చూసిన పరీక్షల్లో తేలలేదు. నమ్మకం కొద్దీ వెళ్తామంటే మేం వాదించం. చేప మందు వేయించుకున్నామని రోజూ వాడే ఇన్‌హేలర్ మానెయ్యకండి, ఇన్‌హేలర్ సంచిలోనే ఉంచుకోండి. అసలు నష్టం ప్రయాణం ఖర్చు కాదు, మందు మానేయడం.

## నేర్చుకునేటప్పుడు

ఇన్‌హేలర్ వాడటంలో నేర్చుకోడానికి ఏముంది? నోట్లో పెట్టి నొక్కడమే కదా?

అలా అన్నవాళ్లని నా ముందు ఒక్కసారి చేసి చూపించమంటాను. నొక్కగానే పెదాల పక్కనుంచి తెల్లటి పొగ బయటికి వస్తుంది. ఆ పొగే మీరు కొన్న మందు. స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే ఖాళీ గొట్టం) లేకుండా, సరిగ్గా పీల్చినా సరే, నొక్కే ఇన్‌హేలర్‌లోని మందులో పది ఇరవై శాతమే ఊపిరితిత్తులకు చేరుతుంది. మిగతాది నోట్లో, గొంతులో ఉండిపోతుంది. తప్పుగా పీలిస్తే ఆ కొంచెం కూడా చేరదు.

పద్ధతి ఇది: మూత తియ్యాలి. డబ్బాని బాగా ఊపాలి. ఊపిరి పూర్తిగా బయటికి వదలాలి. పెదాలతో గట్టిగా మూసి పట్టుకుని, నెమ్మదిగా పీల్చడం మొదలెట్టగానే ఒక్కసారి నొక్కి, ఛాతీ నిండేదాకా పీలుస్తూనే ఉండాలి. పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, మొదట్నుంచి చెయ్యాలి. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలరైతే చివర్లో నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది.

నాకు రోజూ కనిపించే తప్పులు మూడు. ముందు నొక్కేసి తర్వాత పీల్చడం. ఒక ఊపిరిలో రెండు మూడుసార్లు నొక్కెయ్యడం. పీల్చిన వెంటనే వదిలెయ్యడం. పొడి మందు క్యాప్సూల్ పెట్టి పీల్చే రోటాహేలర్ వాడేవాళ్ల సంగతి వేరు. అందులో నెమ్మదిగా పీలిస్తే మందు రాదు, గట్టిగా, వేగంగా లాగాలి. లోపలికి ఊదకూడదు, ఊదితే పొడి తడిసి అంటుకుపోతుంది. ఒక పెద్దాయన నెలల తరబడి ఆ క్యాప్సూల్‌ని మంచినీళ్లతో మింగుతూ, "మందు పనిచెయ్యట్లేదమ్మా, ఇంకా ఖరీదైంది రాయించండి" అని వచ్చారు. మందు మంచిదే. చేరాల్సిన చోటుకి చేరలేదంతే. పద్ధతి చూడకుండా మందు మార్చడం వల్ల పోయే డబ్బు ఎక్కడా లెక్కకి రాదు.

స్పేసర్ కూడా కొనమంటున్నారు. అవసరమా?

నొక్కే ఇన్‌హేలర్‌కి అవసరమే, ముఖ్యంగా పిల్లలకీ పెద్ద వయసు వాళ్లకీ. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరకపోయినా మందు గొట్టంలో ఆగుతుంది కాబట్టి ఎక్కువ లోపలికి పోతుంది. ఒకసారి కొంటే చాలాకాలం వస్తుంది. సబ్బు నీళ్లలో కడిగి గాలికి ఆరబెట్టండి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌కి విద్యుదావేశం పుట్టి మందు గోడలకు అంటుకుంటుంది.

కొనలేకపోతే దారి ఉంది. దక్షిణాఫ్రికాలో పిల్లల మీద చేసి 1999లో ప్రచురించిన పరీక్షలో అర లీటరు ప్లాస్టిక్ సీసాతో చేసిన స్పేసర్ ఆయాసం తగ్గించడంలో కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసింది. సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేంత కంత చేసి, చుట్టూ గాలి పోకుండా అంటించి, సీసా మూతి వైపు నుంచి పీల్చాలి. మొదటిసారి నేర్పేవాళ్ల ఎదురుగానే చేయించుకోండి. కంత వదులైతే ఉపయోగం లేదు.

పీక్ ఫ్లో మీటర్ కొంటే మంచిదా?

ఊపిరి ఎంత బలంగా వదలగలుగుతున్నారో కొలిచే చిన్న గొట్టం అది. మీ అత్యుత్తమ అంకెలో 80 శాతం పైన ఉంటే ఆకుపచ్చ, 50 నుంచి 80 మధ్య పసుపు, 50 కంటే తక్కువైతే ఎరుపు. తరచూ ఆసుపత్రి పాలయ్యేవాళ్లకి, ఆయాసం ముదిరేదాకా తమకే తెలియనివాళ్లకి ఉపయోగం. మిగతావాళ్లకి లక్షణాల్ని బట్టి రాసిన ప్లాన్ కూడా దాదాపు అంతే మేలు చేస్తుంది. చేతిలో డబ్బు పరిమితమైతే ముందు రోజూ వాడే ఇన్‌హేలర్, తర్వాత స్పేసర్. మీటర్ ఆ తర్వాతే.

చదువు రాని మా అమ్మకి రాసిచ్చిన ప్లాన్ ఎందుకు?

ప్లాన్‌లో ఉండేది మూడు రంగులు, రెండు ఇన్‌హేలర్ల బొమ్మలు. రోజూ వాడే డబ్బాకి ఒక రంగు స్టిక్కర్, ఆయాసానికి వాడేదానికి ఇంకో రంగు అంటిస్తాం. ఎన్ని పఫ్‌లో చుక్కలు పెడతాం. ఇంట్లో చదువుకున్న మనవరాలుంటే ఆమెని కూడా కూర్చోబెట్టి, అమ్మ పీలుస్తున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకోమంటాం. తర్వాత అనుమానం వస్తే చూసుకోడానికి ఇంకొకరి వీడియో కంటే వాళ్ల సొంత వీడియో మేలు.

ఆసుపత్రిలో కరపత్రం ఇచ్చారు. అది చాలదా?

చాలదు. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. పెద్దవాళ్లకి సమాచారం మాత్రమే ఇచ్చే కార్యక్రమాల మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన 2002 నాటి కొక్రేన్ సమీక్షలో ఆసుపత్రి చేరికలు తగ్గినట్టు కనపడలేదు. జబ్బు గురించి తెలియడం ఒక్కటే చాలలేదు. తగ్గిందెక్కడంటే, రోగి తన లక్షణాల్ని తానే గమనించుకోవడం, రాసిన ప్లాన్, డాక్టర్ దగ్గర క్రమం తప్పని తనిఖీ మూడూ కలిసిన చోట. ఏటా మే నెల మొదటి మంగళవారం ప్రపంచ ఆస్తమా దినం పేరు చెప్పి ర్యాలీ తీసి, కరపత్రాలు పంచి, ఫొటోతో ముగించే కార్యక్రమాల మీద నాకున్న చిరాకు ఇందుకే.

ఒకసారి నేర్చుకున్నాం కదా, వచ్చినప్పుడల్లా మళ్లీ చేసి చూపించమంటారేం?

మర్చిపోతారు కాబట్టి. నేర్చుకున్న రోజు సరిగ్గా చేసినవాళ్లే రెండు నెలలకి ఊపడం మానేస్తారు, బిగబట్టడం మానేస్తారు.

## ఇంట్లో, పనిలో, బడిలో

దుమ్ములో పని మానుకోమంటే తిండి ఎలా?

పని మానుకోమని చెప్పేది శిక్షణే కాదు. జీడి గింజలు కాల్చే పొగ, జనపనార దుమ్ము, పొందూరులో పత్తి నూగు, టెక్కలి వైపు రాతి క్వారీల ధూళి, సంక్రాంతి ముందు వరి నూర్పులు. ఈ రెండు జిల్లాల్లో బతుకుతెరువే దుమ్ము. ముందు తేల్చుకోవాల్సింది ఒకటి: సెలవు రోజుల్లో, ఊరెళ్లినప్పుడు ఆయాసం తగ్గి, పనిలోకి దిగగానే మళ్లీ వస్తోందా? అలాగైతే డాక్టర్‌కి ఆ మాటే చెప్పండి. పనివల్ల వచ్చిన ఆస్తమా చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్లు చీటీలన్నీ దాచుకోవాలి.

అలా కాకుండా ముందునుంచే ఉన్న ఆస్తమా దుమ్ము వల్ల రేగుతోందంటే, మందు మానకుండా ఉండటం, గాలి వీచే దిక్కుకి ఎదురుగా కాక వీపు పెట్టి నిలబడటం, ముక్కూ నోరూ కప్పుకోవడం, మేస్త్రీతో మాట్లాడి తక్కువ దుమ్ముండే పనికి మారడం. ఒకరు నూర్పుల దగ్గర్నుంచి బస్తాలు కుట్టే పనికి మారి సీజనంతా మానకుండా వెళ్లారు. 2024–25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు ఉండేది. నెలకు మూడు రోజుల పని నిలబెట్టుకున్నా రోజూ వాడే మందు డబ్బులు చాలామందికి అందులోంచే వచ్చేస్తాయి.

కట్టెల పొయ్యి మానేస్తే గ్యాస్ ఖర్చు మీద పడదా?

కొంత పడుతుంది. దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఆ పథకం మొదలైంది కూడా మన జిల్లాలోనే, 2024 నవంబర్ 1న ఇచ్ఛాపురం దగ్గర ఈదుపురంలో. చాలా ఇళ్లలో గ్యాస్ టీకి, కూరకి, స్నానం నీళ్లు మాత్రం కట్టెల మీద. ఆస్తమా ఉన్న మనిషి ఆ పొయ్యి దగ్గర కూర్చోకుండా చూడండి, పొయ్యి ఆరుబయటికి మార్చండి. భోగి మంట దగ్గరికి కూడా వాళ్లని లాక్కెళ్లకండి.

మా గుంటడు నెలకి నాలుగైదు రోజులు బడి మానేస్తన్నాడు. ఇదంతా ఖర్చులోకి వస్తుందా?

వస్తుంది. బడి మానేసిన రోజు ఇంట్లో ఎవరో ఒకరు, ఎక్కువగా తల్లి, పని మానుకోవాలి. అమ్మ ఒడి పథకానికి 75 శాతం హాజరు నిబంధన పెట్టినప్పుడు ఆస్తమా పిల్లల తల్లుల టెన్షన్ అంతా ఇంతా కాదు. పిల్లలకీ, ఇంట్లోవాళ్లకీ నేర్పిన 38 పరీక్షలను కలిపి చూసిన 2009 కొక్రేన్ సమీక్షలో ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సి రావడం దాదాపు నాలుగో వంతు తగ్గింది, ఆసుపత్రి చేరికలు అయిదో వంతు తగ్గాయి. టీచర్‌కి కూడా ప్లాన్ కాపీ ఇవ్వండి. ఒక ఇన్‌హేలర్ బడి సంచిలో ఉండాలి. పీఈటీ పీరియడ్‌లో కూర్చోబెట్టనక్కర్లేదు, జబ్బు అదుపులో ఉంటే ఆడుకోవచ్చు.

ఇంట్లోకి నెబ్యులైజర్ కొనేస్తే గొడవ వదుల్తుంది కదా?

చాలామందికి అనవసరపు ఖర్చు. ప్రాణాపాయం లేని ఆయాసంలో స్పేసర్‌తో తీసుకున్న సాల్బుటమాల్ నెబ్యులైజర్‌తో సమానంగా పనిచేస్తుందని పరీక్షలు తేల్చాయి. పైగా దానికి కరెంటు కావాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఇన్‌హేలర్, స్పేసర్ పనిచేస్తాయి, మిషన్ పనిచెయ్యదు. తుఫాను హెచ్చరిక వినగానే కిరోసిన్, బియ్యంతో పాటు ఇన్‌హేలర్ కూడా చూసుకోండి.

డబ్బాలో మందు అయిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

లెక్క చూపించే అంకె ఉంటే అదే చూడండి. లేకపోతే మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద మార్కర్‌తో రాయండి. 200 పఫ్‌ల డబ్బా రోజుకు నాలుగు చొప్పున 50 రోజులు వస్తుంది. నీళ్లలో వేసి తేలితే ఖాళీ అనే పద్ధతి నమ్మదగింది కాదు. మందు అయిపోయాక కూడా కొంతసేపు గ్యాస్ వస్తూనే ఉంటుంది, ఆ గ్యాస్ పీల్చి మందు వేసుకున్నామనుకునేవాళ్లు ఎక్కువ.

ఆర్నెల్లు హైదరాబాద్‌లో, చెన్నైలో పనికి పోతాం. ఇక్కడ నేర్చుకుని ఏం లాభం?

వలస వెళ్లేవాళ్లకే లాభం ఎక్కువ. ఆసుపత్రి మీతో రాదు, నేర్చుకున్నది వస్తుంది. వెళ్లే ముందు మందు అసలు పేరు, అంటే కంపెనీ పేరు కాకుండా బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్ లాంటి పేరు, మోతాదుతో సహా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. జనఔషధి షాపులో ఆ పేరుతోనే అడగాలి. బ్రాండ్ మందుల కంటే అక్కడ ధర చాలా తక్కువ. ఇన్‌హేలర్ రకం మారితే పీల్చే పద్ధతి కూడా మారుతుంది, కొన్నచోటే ఒకసారి అడిగి తెలుసుకోండి.

## జబ్బు ముదిరినప్పుడు

ఎప్పుడు ఇంట్లో ఆగకుండా వెళ్లిపోవాలి?

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతే, సాల్బుటమాల్ తీసుకున్నా తగ్గకపోతే లేదా తగ్గి కాసేపటికే మళ్లీ వస్తే, పెదాలు నీలంగా మారితే, మనిషి మగతగా అయిపోతే 108కి ఫోన్ చెయ్యండి. బండి వచ్చేదాకా స్పేసర్‌తో పఫ్‌లు ఇస్తూ ఉండండి, కూర్చోబెట్టే ఉంచండి, పడుకోబెట్టకండి. ఇక్కడ ఖర్చు లెక్కలు వెయ్యకూడదు. ప్రపంచంలోని ఆస్తమా రోగుల్లో సుమారు 13 శాతం మన దేశంలో ఉంటే, ఆస్తమా మరణాల్లో 40 శాతానికి పైగా ఇక్కడే జరుగుతున్నాయని ప్రపంచ వ్యాధి భారం అంచనాలు చెబుతున్నాయి.

స్టెరాయిడ్ మాత్రలు చాలా చవక. వాటితోనే నెట్టుకొస్తే?

షాపులో చవకే. ఉధృతంగా ఉన్నప్పుడు డాక్టర్ అయిదారు రోజులు రాస్తే అది సరైన వాడకం. నెలల తరబడి సొంతంగా వాడితే షుగర్, ఎముకలు గుల్లబారడం, కంటి శుక్లాలు వస్తాయి, బిల్లు అప్పుడు వస్తుంది. పేరు లేని పొట్లాల్లో ఇచ్చే ఆయాసం పొడులు రెండు రోజుల్లో అద్భుతంగా పనిచేస్తే, అందులో ఏముందో అనుమానించండి.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంది. ఆసుపత్రిలో చేరితే మాకేం ఖర్చు?

ఆరోగ్యశ్రీగా అందరికీ తెలిసిన ఆ పథకం ముఖ్యంగా చేరిన రోగుల చికిత్స కోసం. మీరు నెలనెలా కొనే ఇన్‌హేలర్‌కి మీ జేబే దిక్కు. చేరినప్పుడు కూడా బస్సు చార్జీలు, తోడున్న మనిషి తిండి, ఇద్దరి కూలి మీవే. విశాఖ కేజీహెచ్‌కి పంపితే ఇంకా పెరుగుతుంది. చేరాల్సిన అవసరం రాకుండా చూసుకోవడమే కార్డు ఉన్నవాళ్లకీ లాభం.

## ఆసుపత్రులు, సంస్థలు అడిగేవి

శిక్షణతో ఖర్చు తగ్గుతుందనడానికి రుజువేంటి?

పెద్దవాళ్ల మీద జరిగిన 36 పరీక్షల్ని కలిపిన 2003 నాటి కొక్రేన్ సమీక్షలో, స్వీయ నిర్వహణ, అంటే తమ జబ్బుని తామే చూసుకోవడం, నేర్చుకున్నవాళ్లలో ఆసుపత్రి చేరికలు మూడో వంతుకు పైగా తగ్గాయి. ఎమర్జెన్సీకి రావడం సుమారు 18 శాతం, పనికి పోలేని రోజులు సుమారు 21 శాతం తగ్గాయి. ఫిన్లాండ్ 1994 నుంచి 2004 వరకు దేశం మొత్తానికి ఒక ఆస్తమా కార్యక్రమం నడిపింది. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు అందరికీ నేర్పారు, రోగులకీ నేర్పారు. పదేళ్లలో ఆస్తమా వల్ల ఆసుపత్రిలో గడిపిన రోజులు 54 శాతం తగ్గాయి, ఒక్కో రోగి మీద ఏడాది ఖర్చు 36 శాతం తగ్గింది. మందుల వాడకం పెరిగినా మొత్తం తగ్గింది. ఫిన్లాండ్ ఎక్కడ, నెల్లిమర్ల ఎక్కడ అంటారా? కేరళలో తిరువనంతపురంలో చేసి 1998లో ప్రచురించిన అధ్యయనంలో కూడా శిక్షణ పొందిన ఆస్తమా రోగులు ఆసుపత్రిని వాడుకోవడం తగ్గింది.

చేరే రోగులు తగ్గితే మా ఆసుపత్రికి నష్టమే కదా?

ఈ ప్రశ్నని చాలామంది మనసులో పెట్టుకుంటారు, నోటితో అడగరు. అడిగినవాళ్లని మెచ్చుకోవాలి. నిజమే, మంచానికి ఇంత అని సంపాదించే ప్రైవేటు ఆసుపత్రికి శిక్షణ వల్ల నేరుగా వచ్చేదేమీ లేదు. జీతం వాళ్లు ఇస్తారు, మిగులు రోగి ఇంట్లో, పథకం నడిపే ప్రభుత్వం దగ్గర పడుతుంది. అందుకే దీన్ని ప్రైవేటు దయకి వదిలెయ్యకూడదు. లాభం ఎవరికి వస్తుందో వాళ్లే పెట్టుబడి పెట్టాలి, అంటే ప్రభుత్వం, బీమా, కార్మికుల్ని పెట్టుకున్న యాజమాన్యాలు. జూట్ మిల్లు యజమానికి గైర్హాజరు తగ్గడం నేరుగా కనిపించే లాభం.

లెక్క ఎలా కట్టాలి? వచ్చినవాళ్లకి ముందు, తర్వాత ఖర్చు పోల్చితే సరిపోతుందా?

సరిపోదు. రోగులు మీ దగ్గరికి వచ్చేది జబ్బు బాగా ముదిరినప్పుడు. మీరేమీ చెయ్యకపోయినా తర్వాతి నెలలు కొంత మెరుగ్గానే ఉంటాయి, ఆ మెరుగంతా మన గొప్పే అనిపిస్తుంది. అలాంటి రోగులే, శిక్షణ ఇంకా మొదలవ్వని ఇంకో మండలం నుంచి పోలికకి ఉండాలి. కనీసం ఏడాది చూడాలి, ఎందుకంటే మన దగ్గర వర్షాకాలం, చలికాలం, నూర్పుల కాలం ఒక్కోటీ ఒక్కోలా ఉంటాయి. మధ్యలో మానేసినవాళ్లని లెక్కలోంచి తీసెయ్యకూడదు.

ఎవరి వైపు నుంచి లెక్క కడుతున్నారో ముందే రాయండి. ఆసుపత్రి వైపు నుంచైతే మందులు, మంచం, సిబ్బంది. కుటుంబం వైపు నుంచైతే కూలి, చార్జీలు, వడ్డీకి తెచ్చిన అప్పు. మొదటి మూడు నెలల్లో ఖర్చు పెరిగినట్టు కనపడుతుంది. మందు మానేసినవాళ్లు మళ్లీ కొనడం మొదలెడతారు కదా, అది కార్యక్రమం పనిచేస్తోందని గుర్తు. ఆ దశలోనే "ఖర్చు పెరిగింది" అని ఆపేసిన చోట్లు ఉన్నాయి.

సిబ్బంది తక్కువ. ముందు ఎవరికి నేర్పాలి?

గత ఏడాదిలో ఆసుపత్రిలో చేరినవాళ్లు, ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు, ఏడాదికి మూడు దాటి సాల్బుటమాల్ డబ్బాలు కొంటున్నవాళ్లు, రాత్రుళ్లు ఆయాసంతో లేచేవాళ్లు. తగ్గించడానికి ఖర్చు ఉన్నది వీళ్ల దగ్గరే. ఎప్పుడో ఒకసారి పిల్లికూతలు వచ్చేవాళ్లకి నేర్పడం మంచిదే, కానీ దానివల్ల డబ్బు మిగులుతుందని చెప్పుకుంటే అతిశయోక్తి.

ఆశా కార్యకర్తలు నేర్పగలరా?

ఇన్‌హేలర్ పద్ధతి, రంగుల ప్లాన్ నేర్పగలరు, వాళ్లకి సరిగ్గా నేర్పి, చేతికి ఒక ఖాళీ ఇన్‌హేలర్, స్పేసర్ ఇస్తే. 2023లో కొత్త పేరు పెట్టుకున్న జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో బీపీ, షుగర్‌తో పాటు ఆస్తమాకి కూడా చోటు దొరికింది. మందు మార్చడం, మోతాదు తగ్గించడం వాళ్ల పని కాదు. ఉన్న పనులకి ఇది కూడా ఊరికే తగిలిస్తే మాత్రం నాలుగో నెలకి రిజిస్టర్‌లో టిక్కులు మిగులుతాయి.

ఏ పరిస్థితిలో శిక్షణ డబ్బు దండగ అవుతుంది?

మందు దొరకనప్పుడు. పీహెచ్‌సీలో సాల్బుటమాల్ మాత్రలు, డెరిఫిలిన్ సూదులు తప్ప పీల్చే స్టెరాయిడ్ లేకపోతే, రోజూ పీల్చండని నేర్పి పంపినవాళ్లు బయట వారం కొని మానేస్తారు. మళ్లీ క్లాసుకి పిలిస్తే రారు. స్టాకు రిజిస్టర్‌లో మూడు నెలలకి సరిపడా ఇన్‌హేలర్లు కనపడ్డాకే క్లాసు తేదీ ప్రకటించండి.